రక్తం చాలని పిల్లలు

జమ్మలమడుగు దగ్గర పల్లె
జూలై 1996

ప్రియమైన మీకు,

నేను క్షేమం. నా బడిలో పిల్లలే క్షేమంగా లేరు. ప్రార్థన జరుగుతుండగా ఏడో తరగతి రమణమ్మ కళ్లు తిరిగి పడిపోయింది. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. చాలామంది ఆడపిల్లలు అంతే. బలపాలు, గోడమట్టి తింటున్నారు. కాస్త పరుగెత్తితే రొప్పుతారు. పిల్లల డాక్టరు మీరు, ఒక్కసారి వచ్చి చూడండి. పగటిపూటే రండి. ఊళ్లో ఆదినారాయణ వర్గానికీ సర్పంచి ఓబులేసు వర్గానికీ మొన్న కత్తులు లేచాయి. ఒకరి చెయ్యి తెగింది.

మీ అరుణ

ప్రొద్దుటూరు
ఆగస్టు

ప్రియమైన అరుణకు,

నేను మీ బడికి వచ్చిన రోజు పిల్లల దగ్గర తీసుకున్న రక్తం పరీక్ష చేయించాను. ఇనుము లోపమే. రమణమ్మకు మరీ తక్కువ. ముందు నులిపురుగుల మాత్ర, తర్వాత రోజూ అన్నం తిన్నాక ఇనుము మాత్ర. టీతో మింగనివ్వకు. ముఖం తేరుకున్నా మూడు నెలలు ఆపొద్దు. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదని తల్లులకు ముందే చెప్పు. డబ్బాకు తాళం వెయ్యి, గుప్పెడు మింగితే ప్రాణాపాయం. ఓబులేసు జీపు ఇక్కడికి వచ్చింది, మాత్రలు దాంట్లోనే పంపుతున్నాను. నువ్వు లేక ఇంట్లో అన్నం సహించడం లేదు.

నీ మోషే

పల్లె
సెప్టెంబరు

ప్రియమైన మీకు,

తల్లులకు చెప్పాను. అయినా ఆదినారాయణ బజార్లో నిలబడి, "ఓబులేసు జీపులో వచ్చిన మందు మన బిడ్డల పేగులు కాలుస్తాండాది. ఎట్ల నల్లగా పోతాండాదో సూడండి! తినిపిచ్చినోళ్లు ఊర్లో ఉండరు" అన్నాడు. అతని వర్గం పిల్లలు బడి మానేశారు, రమణమ్మ తప్ప. ఆమె కూడా నా ముందు మింగదు. "మా యమ్మ ఇంటికాడ మింగమన్యాది మేడం" అని పట్టుకుపోతుంది. ఎందుకో ఇంకా తేరుకోలేదు. ఇంకో డబ్బా పంపండి.

మీ అరుణ

ప్రొద్దుటూరు
సెప్టెంబరు

ప్రియమైన అరుణకు,

పోలీసు వ్యానులో తెచ్చిన రమణమ్మ నా చేతుల్లోనే పోయింది. బడి ముందు ఓబులేసు జీపు మీద వేసిన బాంబు పెంకు తొడలో దిగింది. డ్రైవరును కూడా నరికి చంపారట కదా. ఆ గాయానికి మామూలు పిల్ల అయితే బతికేది. దీని ఒంట్లో ముందే రక్తం లేదు. నా రక్తం కూడా ఎక్కించాను, నిలవలేదు. తల్లి మునెమ్మ శవాన్ని ఒడిలోంచి దించలేదు. అరుణా, బతిమాలుతున్నాను, సెలవు పెట్టి వచ్చెయ్.

నీ మోషే

పల్లె
అక్టోబరు

ప్రియమైన మీకు,

నేను రావడం లేదు. కోప్పడకండి.

డ్రైవరుకు బదులుగా ఆదినారాయణ తమ్ముణ్ణి జమ్మలమడుగు బస్టాండులో పట్టపగలు నరికారు. నిన్న ఆదినారాయణ మునెమ్మ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. "నీ బిడ్డ ఓబులేసు మందుకే సచ్చిపాయ అని పోలీసోళ్లకు చెప్పు. మిగతాది నేను సూసుకుంటా" అన్నాడు.

మునెమ్మ లేచింది. "బాంబేసింది నీ మనుషులు. మాత్ర వద్దన్యది నువ్వు. నీ మాట ఇని, బిడ్డ తెచ్చిన మాత్ర దినామూ నేనే దిబ్బలో పారేస్తి. దానికి రగతం లేకుండ చేసింది నువ్వూ నేనూ. ఇదే చెప్తా, యాడికన్నా వచ్చి చెప్తా."

అతను చెయ్యెత్తాడు. ఆమె చూరులోంచి కొడవలి లాగింది. "కొట్టప్పా, సూస్తా!" అతను వెళ్లిపోయాడు.

ఈ రోజు మధ్యాహ్నం మునెమ్మ తన చిన్న కూతురిని బడికి తెచ్చి, అన్నం తిన్నాక అందరి ముందు నోరు తెరిపించి మాత్ర మింగించింది. కొడవలి పట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. కాసేపటికి చనిపోయిన డ్రైవరు భార్య కూడా తన బిడ్డను లోపలికి పంపి, ఆమె పక్కనే చతికిలబడింది. ఇద్దరూ బడి వదిలేదాకా కదల్లేదు.

వాళ్లను గేటు దగ్గర వదిలి నేనెలా రాను?

మీ అరుణ