కుర్చీలో పెద్దమ్మ

అక్కా,

మీ అమ్మాయి పెళ్లిపత్రిక అందింది. నా పిల్లని ఎక్కడైనా వదిలేసి నన్నొక్కదాన్నే రమ్మన్నావు. పోయినసారి మా ఇంట్లో అది కేకలు పెడితే చుట్టాల ముందు నీకు తల కొట్టేసినట్టయిందిగా. విసురుగా లేచి వెళ్లిపోతూ, "ఆటిజం పిల్లలకి ఎడమ మెదడొక్కటే పనిచేస్తుంది. లెక్కలు నేర్పించు, ఊహలూ బొమ్మలూ దీనివల్ల కావు" అని తీర్పు కూడా చెప్పావు.

లెక్కలు దానికి ఒంటబట్టలేదు. నా కుట్టుమిషన్ కింద పడ్డ పీలికలన్నీ ఏరి, మనిషంత బొమ్మ కుట్టి, నువ్వు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. నీ ముడే, నీ కళ్లజోడే.

"చెవులు పెట్టడం మర్చిపోయావే" అన్నాను.

"వద్దు. పెద్దమ్మకి నా అరుపు వినపడితే వెళ్లిపోతుంది" అంది.

పెళ్లికి మేం రావడం లేదు. నువ్వూ మా ఇంటికి రానక్కర్లేదు. నీ కుర్చీ ఖాళీగా లేదు.