ఎంకయ్య సుత్తి

ఎల్లారెడ్డి

మస్కట్‌లో ఉన్న బావకు నిరోష నమస్కరించి రాయునది. ఇక్కడ అత్తమ్మ బాగుంది, రెండు పూటలా తింటోంది. అక్కడ మీరు క్షేమమని తెలిస్తే చాలు నాకు. మీరు జోయల్ చేతికిచ్చి పంపిన ఉత్తరాన్ని, సెలవు మీద వచ్చిన అతను తన ఇంట్లో పెళ్ళిపనుల్లో పడి మరచిపోయి నిన్న ఇచ్చాడు. రేపే అతని తిరుగు ప్రయాణం. ఫోన్లో చెబుదామంటే అత్తమ్మ పక్కనే ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

ఇంటి మరమ్మతుకు ఏ సామాను కొన్నావని అడిగారు. మీరు పంపినంతలో అన్నీ రావు కదా, రోజూ చేతికి కావలసినవే చూసుకున్నాను. టేపు, స్క్రూడ్రైవర్లు, పట్టకారు, చేతిరంపం. కామారెడ్డి దుకాణాయన డ్రిల్లు మిషన్ అంటగట్టాలని చూశాడు. ఏడాదికోసారి గోడకు బొక్క కొట్టడానికి మిషన్ ఎందుకు, కిరాయికి దొరకదా? నేనూ లింగంపేట పిల్లనే, అంత తేలిగ్గా మోసపోతానా?

సుత్తి మాత్రం పాతది. పోయిన ఎండాకాలం చనిపోయిన వడ్రంగి ఎంకయ్యది. ఆయన భార్య భూమక్క దానికి పసుపు కుంకుమ పెట్టి ఇచ్చింది.

"ఎవలి చేతికి పోతుందో పేరు జెప్పి తీస్కపో బిడ్డా. చెప్పకుంటే అది ఆయన చేతిదే అనుకుంటది" అంది.

మీ పైసలతో కొన్నది, చెప్పాల్సింది మీ పేరే. మొగుడి పేరు నోటితో ఎట్లా చెప్పను? సిగ్గుపడి, నవ్వి ఊరుకుని తెచ్చుకున్నాను.

మర్నాటి నుంచి మధ్యాహ్నం పూట ఇంట్లో సుత్తి చప్పుడు మొదలైంది. వెళ్ళి చూస్తే సుత్తి డబ్బాలోనే ఉండేది. పిడి మాత్రం అప్పుడే ఎవరో వదిలినట్టు వెచ్చగా, చెమట తడితో ఉండేది. ఊగుతున్న వంటింటి తలుపు గట్టిపడింది. కూలి అడగని వడ్రంగి దొరికాడని నవ్వుకున్నాను కూడా.

తర్వాత చప్పుడు అత్తమ్మ మంచానికి వచ్చింది. తల వైపు ఒక దెబ్బ, కాళ్ళ వైపు ఒక దెబ్బ. అంతే.

"నన్ను కొలుస్తుండే నిరోషా. గిది మంచం కొలత గాదు, పాడె కొలత" అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అన్నం మానేసింది.

ఇక దాచను. మూడు వారాల కింద గురువారం నాడు సుత్తికి పసుపు రాసి, పెళ్ళయ్యాక మొదటిసారి మీ పేరు పైకి చెప్పాను. "ఇగ నువ్వు ఆయన చేతిదానివి" అన్నాను. చప్పుడు అప్పుడే ఆగిపోయింది. మీరెక్కడో దూరాన ఉన్నారు, మీకేం కాదనుకున్నాను. బుద్ధి గడ్డి తింది బావా.

మీ ఉత్తరం చివర అడిగారు: "శుక్రవారం నుంచి పగలు పడుకుంటే నా మంచానికి తల దగ్గరా కాళ్ళ దగ్గరా ఎవరో కొడుతున్నారు. గదిలో ఎవరూ లేరు. ఏంది గిది?" అని.

చదవగానే భూమక్క దగ్గరికి పరుగెత్తాను. చెప్పిన పేరు వెనక్కి రాదట, ఇంకో పేరు చెబితేనే అది చెయ్యి మారి, ఆ పేరు గలవాళ్ళ మంచానికి పోతుందట. ఎవరి పేరు చెప్పను? అత్తమ్మ పేరా?

నా పేరు చెప్పాను.

ఇప్పుడు మీరు నిశ్చింతగా పడుకోండి. అక్కడ చప్పుడు ఆగిందో లేదో ఒక్క ముక్క రాయండి. ఇక్కడ నేను ఈ ఉత్తరం మంచం మీద కూర్చునే రాస్తున్నాను. తల వైపు కొట్టడం అయిపోయింది.

ఇట్లు,
మీ మరదలు, మీ ఇల్లాలు,
నిరోష