దర్జీ వండిన చిక్కుడుకాయ

నర్సమ్మా, ఇవాళ నీ సంవత్సరీకం. నీకిష్టమైన చిక్కుడుకాయలు నేనే వండానే. నువ్వు చేసినట్టే కుండలో నీళ్లు మరిగించి, మూతికి గుడ్డ కట్టి, దానిమీద కాయలు పోసి ఆవిరికి ఉడికించాను. దర్జీకి గుడ్డకేం కొదవ? నవాబుగారి షేర్వానీకి లోపల వేసే అస్తరు కత్తిరించగా మిగిలిన ఆకుపచ్చ ముక్క కట్టాను.

పంజగుట్ట నుంచి నీ చెల్లెలు ఏడుస్తూనే వచ్చింది. ఒక ముద్ద తిని, "మా అక్క వండితే సుత గింత పచ్చగ రాకపోయేది బావా!" అంది. నేను మీసం మెలేశాను.

తీరా చేతులు కడుక్కునేటప్పుడు చూస్తే భోజనానికొచ్చిన చుట్టాలందరి వేళ్లూ, నాలుకలూ ఆకుపచ్చే!

"అస్తరు ఉడకబెట్టినవా బావా?" అంటూ నీ చెల్లెలు పగలబడి నవ్వింది. అచ్చం నీ నవ్వే.

మళ్లీ వినాలనిపించి, ఇంకో రెండు కాయలు నమిలి నాలుక చాపాను.