గోదాట్లో ఆగిన బాణం

16 మే 2009, శనివారం

రేపు పెద్దాపురం ప్రయాణం. కోడలు సారికకి టీచరు పోస్టు పరీక్ష. పదింటికి గేటు వేసేస్తారు. నిమిషం దాటితే బిషప్పుగారొచ్చి అడిగినా తియ్యరట. వచ్చే నోటిఫికేషనుకి దీనికి వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. తొమ్మిదేళ్ళుగా ముక్తేశ్వరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎక్కాలు చెబుతోంది. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర చదువుకుంటుంది. మా ఇంట్లో పప్పు మాడిందంటే సైకాలజీ చాప్టరు కష్టంగా ఉందని అర్థం. ఈ మధ్య బాగానే మాడుతోంది.

మావాడు ప్రేమ్ కుమార్ హైదరాబాదు నుంచి జీపీయస్ అని ఒక డబ్బా తెచ్చాడు. అరచెయ్యంత ఉంది. శాటిలైట్లని అడిగి దారి చెబుతుందట. లోపల ఒకమ్మాయి ఇంగ్లీషులో మాట్లాడుతుంది. డెల్టాలో దారి ఆకాశంలో వెతకడమేంట్రా, కాలవలో ఉంటుంది అన్నాను. ముప్పైనాలుగేళ్ళు లాకు లస్కరుగా పడవలకి గేట్లెత్తి దించినవాణ్ణి. నీళ్ళకి ఎదురెళ్తే ధవళేశ్వరం, నీళ్ళతో పాటు వెళ్తే సముద్రం. ఇంతకి మించి జాగ్రఫీ నేను చదవలేదు, అవసరమూ పడలేదు.

మా ఆవిడ ఏసమ్మ, మీరు గేటు దగ్గరే కూర్చున్నారు, దారంట వెళ్ళింది పడవలు కదండీ అంది. ఆవిడకి జవాబు నాకెప్పుడూ మర్నాడు తడుతుంది.

17 మే, ఉదయం 6.50, పంటు మీద

కారుతో సహా గోదారి దాటించే పంటెక్కాం. కోటిపల్లి రేవు ఎదురుగా కనిపిస్తోంది గానీ చేరడం లేదు. పాటు సమయం, నీళ్ళు తగ్గి పంటు ఇసక మేట మీద కూర్చుంది. పోటొస్తే లేస్తుందని పంటు నడిపే సరంగు అన్నాడు. ఎప్పుడొస్తుందయ్యా అంటే, అదొచ్చినప్పుడేనండి అన్నాడు. అబద్ధం ఆడలేదు పాపం.

వెనకటికి మా లాకులో ఒక బెల్లం పడవ ఇలాగే ఇరుక్కుపోయింది. మూడురోజులు. చుట్టుపక్కల చీమలన్నీ... సరే, అది ఇంకోసారి రాస్తాను.

సారిక కారు దిగలేదు. పుస్తకం తెరిచుంది, పేజీ తిప్పడం లేదు.

7.35

ఇంకా మేట మీదే. డబ్బా ఆగిపోయింది. తెరమీద నీలం రంగు, దాని మధ్య ఒక బాణం. ఎక్కడ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఆ అమ్మాయి మాత్రం పాజిబుల్ అయితే యూటర్న్ తీసుకోమని ఒకే ముక్క వాయిస్తోంది. పంటు మీద యూటర్న్! సరంగు నవ్వి, ఆవిణ్ణి దిగి తొయ్యమనండి అన్నాడు. ప్రేమ్ కుమార్‌కి రోషం వచ్చి గొంతు మ్యూట్ చేశాడు.

10.40, కాలేజీ ఎదురుగా చెట్టు కింద

అందలేదు. పది గంటల ఎనిమిది నిమిషాలకి వచ్చాం.

సారిక హాల్‌టికెట్టు గేటు ఊచల్లోంచి లోపలికి పెట్టి పట్టుకుంది. వాచ్‌మన్ మంచివాడే. అమ్మా, నా చేతిలో ఉంటే తీసేద్దునండి అన్నాడు. అయినా సారిక చాలాసేపు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఎలా జరిగిందో వరసగా రాయాలి, లేకపోతే నాకే అర్థం కాదు. పంటు దిగేసరికి ఎనిమిది. అప్పటికీ టైముంది. ద్రాక్షారామం దాటాం, రామచంద్రపురం దాటాం. ఆ తర్వాత కల్వర్టు కోసం రోడ్డు తవ్వేసి అడ్డంగా తాటిదుంగ పెట్టారు. పక్కనే కాలవగట్టు ఉంది. ఎడమకా, కుడికా? డబ్బాని అద్దానికి అంటించిన రబ్బరు ఊడిపోయి, అది అప్పటికే నీలం తెరతోనే నా ఒళ్ళో ఉంది. మబ్బు పట్టి సూర్యుడూ లేడు. అడుగుదామంటే ఆదివారం పొద్దున్న గట్టుమీద పురుగు లేదు. నేను దిగి నీళ్ళు చూశాను. కాలవ నిండుగా ఉంది. నీళ్ళు కుడి నుంచి ఎడమకి పోతున్నాయి. మనం ఎగువకి పోవాలి కాబట్టి కుడికి తిప్పమన్నాను.

ఇరవై నిమిషాలు పోయాం. గట్టు సన్నబడింది, కొబ్బరితోటలు పోయి చేపల చెరువులు వచ్చాయి. అక్కడ పెద్దింట్లమ్మ అనే ఆవిడ కాలవలోనే మోకాల్లోతు బురదలో బుట్టతో చేపలు పడుతోంది. పెద్దాపురం పోవాలి, సామర్లకోట రోడ్డు ఎటమ్మా అంటే నడుం ఎత్తి కారుని చూసి, ఇటెళ్తే ఉప్పుటేరండి, కారేసుకుని చేపలకొచ్చారేంటండి అంది.

కాలవలో బురదేంటి అని అడిగాను. నేను. లాకు లస్కరుని.

కాలవలు కట్టేసి నెలైందండి తాతగారూ, రిపేర్లకి మధ్యలో అడ్డుకట్టలేశారు, అక్కడక్కడా నీళ్ళు నిలబడిపోయాయి అంది. నిలబడ్డ నీళ్ళు. వాటిని సముద్రపు గాలి వెనక్కి తోస్తోంది. ఆ అలని చూసి ప్రవాహం అనుకున్నాను. ప్రతి ఏడాదీ వేసంగిలో నా చేతుల్తో బల్లలు దింపి నీళ్ళు ఆపినవాణ్ణి. ఎలా మర్చిపోయాను?

ప్రేమ్ కుమార్ డబ్బాని తిట్టాడు. దారంతా దాన్నే తిట్టాడు.

18 మే

పప్పు మాడలేదు.

21 మే, గురువారం

ఒక సంగతి రాయలేదు.

గట్టుమీద నేను కారెక్కి కూర్చున్నాక డబ్బా నా ఒళ్ళో కదిలింది. నీలం రంగు పోయింది. బాణం గోదారి దాటొచ్చి ఒక గీత మీద నిలబడింది. గీత ఎడమకి పోతోంది. ప్రేమ్ కుమార్, ఏమైనా కదిలిందా నాన్నా అన్నాడు. నేను దానిమీద కండువా కప్పి, ఇంకా గోదాట్లోనే ఉన్నాంరా అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. గంటన్నర గోదాట్లో కూర్చున్నది ఇప్పుడు నాకు దారి చెప్పేదేంటి అనుకున్నానా? లేక అసలు అది కదల్లేదా, నేనే కదిలినట్టు ఇప్పుడు కల్పించుకుంటున్నానా? నీళ్ళు పారాయనుకున్న కళ్ళే కదా ఇవి. వీటి సాక్ష్యం ఎవరొప్పుకుంటారు?

ఇవాళ ఎవరూ లేనప్పుడు కార్లో కూర్చుని డబ్బా ఆన్ చేశాను. సుబ్బరంగా పనిచేసింది. మా వీధి చూపించింది. కండువా కప్పి తీశాను. అప్పుడూ మా వీధే.

దీన్నిబట్టి ఏం తేలిందో నాకు తెలీలేదు.

31 మే, ఆదివారం

సారిక చర్చికి రాలేదు. క్వయరులో అది లేకపోతే ఆడవాళ్ళ వరస మొత్తం పల్లవి దగ్గరే తడబడింది. పాస్టరుగారు ఇంటికొచ్చారు. సారిక టీ ఇచ్చి, దేవుడే గేటు వేసేశాక నేనింకేం పాడనండి అంది. చాలా మర్యాదగా అంది. ఆయన రెండు వాక్యాలు మొదలుపెట్టి రెండూ వదిలేసి టీ తాగేసి వెళ్ళారు. మంచి మనిషి, ఎక్కడ ఆపాలో తెలుసు.

ప్రేమ్ కుమార్ డబ్బా షాపుకి తిప్పి పంపేశాడు. ముద్దాయిని నా కళ్ళముందే అట్టపెట్టెలో పెట్టి టేపు వేశాడు.

20 జూన్, శనివారం

కాలవలకి నీళ్ళొదిలారు. కంటికి మందు తెచ్చుకోవాలని ఏసమ్మకి చెప్పి బస్సెక్కి ఆ గట్టు దగ్గరికి వెళ్ళాను. కల్వర్టు పని అయిపోయింది, తాటిదుంగ పక్కన పడుంది. సరిగ్గా అక్కడే దిగి నిలబడ్డాను. ఎర్రనీళ్ళు. ఎడమ నుంచి కుడికి పోతున్నాయి.

ఒక ఎండుకొమ్మ విరిచి వేశాను. కుడికి పోయింది. ఇంకోటి వేశాను. అదీ అంతే. ఎన్ని వేశానో గుర్తులేదు. గేదెలు తోలుకెళ్తున్న ఒకాయన ఆగి, ఏవైనా పారేసుకున్నారా అండి అని అడిగాడు. ఆయ్ అవునండి, అన్నాను.

అయితే ఎడమే. బాణం చూపించిందీ ఎడమే. నేను కల్పించుకుంటే నాకు అనుకూలంగా కల్పించుకుంటాను గానీ డబ్బాకి అనుకూలంగా ఎందుకు కల్పిస్తాను? కదిలింది. చూశాను. కప్పాను.

22 జూన్, సోమవారం

చెప్పేశాను.

సారిక బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మావయ్యగారూ, మందు దొరికిందా అని అడిగింది. దొరకలేదమ్మా అని అక్కడే మొదలుపెట్టాను. వరసగా చెబుదామనుకుని ముందు సముద్రపు గాలి గురించి చెప్పాను, తర్వాత అడ్డుకట్టల గురించి, మధ్యలో బెల్లం పడవ కూడా వచ్చేసింది. ఆఖర్న కండువా.

చేట పక్కన పెట్టింది. ఎడమకి తిప్పుంటే ఎన్నింటికి చేరేవాళ్ళం అని అడిగింది. తొమ్మిదిన్నరకి అన్నాను. తొమ్మిదిన్నరకి అని తనూ అంది. ఎక్కాలు చెప్పేటప్పుడు పిల్లలచేత తిరిగి అనిపిస్తుంది చూడండి, అలాగ.

తర్వాత నావైపు కాకుండా గోడవైపు చూస్తూ, అయితే గేటు వేసింది దేవుడు కాదన్నమాట అంది.

కాదమ్మా, నేనే అన్నాను.

చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఏసమ్మకి తెలిసి, ముప్పైనాలుగేళ్ళు గేట్లెత్తారు, ఆ కండువా ఒక్కటి ఎత్తలేకపోయారా అంది. దీనికి జవాబు మర్నాడు కూడా తట్టదు.

28 జూన్, ఆదివారం

సారిక చర్చిలో పాడింది. మూడు చరణాలూ.

దేవుడితో మాటలు కలిశాయి. నాతో ఇంకా కలవలేదు. ఆయనకీ నెల పైనే పట్టింది కదా, అందులో ఆయన తప్పేమీ లేకుండానే.