నీ పేరు మీద ఇచ్చిన రక్తం

ఇటిక్యాల.

లక్ష్మణ్ బావకు జయశ్రీ నమస్కారాలు. ఇక్కడ అమ్మానాన్నా బాగున్నారు, బాబు మాత్రం బాగాలేడు. పుణెలో నువ్వు క్షేమమే అనుకుంటాను. నా గొంతు వినడం ఇష్టంలేక ఫోన్ మాని ఉత్తరం రాశావు. సరే, నేనూ ఉత్తరమే రాస్తున్నాను.

"పరీక్షల నాకేం లోపం లేదన్నరు గద, మరి వీడు ఎవనికి పుట్టిండు?" అని అడిగావు. జవాబు చెబుతాను, జర ఓపికగా చదువు.

ఆరో నెలలో బాబు తెల్లబడుతుంటే మంచి రంగు వస్తోందని అత్త మురిసిపోయి దిష్టి తీసింది. అది రంగు కాదు, ఒంట్లో రక్తం లేకపోవడమని గద్వాల దవాఖానలో చెప్పారు. తలసేమియా అట. తల్లిలోనూ తండ్రిలోనూ లోపం దాగి ఉంటేనే బిడ్డకు ఈ జబ్బు వస్తుందట. ఇక నెలనెలా రక్తం ఎక్కించాలి. నరం దొరక్క నర్సు మళ్లీ మళ్లీ గుచ్చుతుంటే వాడు ఏడ్చిన ఏడుపు నువ్వు వినలేదు. అక్కడే, అందరి ముందూ అత్త, "నా కొడుకు రక్తం మంచిగున్నది. ఇది ఎవనితోని కన్నదో అడుగుండ్రి" అంది. సొంత మేనత్త, బావా! అందుకే బిడ్డను ఎత్తుకుని పుట్టింటికి వచ్చేశాను.

వీడు కడుపులో ఉన్నప్పుడు మామూలు రక్తపరీక్షలోనే నా లోపం బయటపడింది. నీ రక్తమూ చూడాలన్నారు. వెళ్లి ఇచ్చి వచ్చానన్నావు, నమ్మాను. మొన్న మీ తమ్ముడు మల్లేశ్ వచ్చి బాబును చూసి ఏడ్చాడు.

"వదినా, అన్న సూదికి భయపడి నన్ను పంపిండు. ఒక్క కడుపున పుట్టినోళ్లు, ఒక్కటే రక్తమని అమ్మ గూడ అన్నది" అన్నాడు.

నువ్వు ఒక్క సూదికి భయపడ్డావు. వీడికి బతికినన్నాళ్లూ సూదులే. నిన్ను తలుచుకుంటే అసహ్యం వేస్తోంది.

ఒక మాట నీకు ఇంతవరకూ చెప్పలేదు. పీర్ల పండుగకు వచ్చి వెళ్లావు కదా, నాకు మళ్లీ నెల తప్పింది. ఈ బిడ్డకూ ఆ జబ్బు ఉందో లేదో ఇప్పుడే చూడవచ్చట. దానికి తండ్రి రక్తం కావాలి, ఆలస్యం చేయొద్దన్నారు. అత్తకు కబురు పంపితే ఏమందో తెలుసా? "వాడు పని ఇడిసి ఎట్ల వస్తడు? మల్లేశ్ ఇస్తడు తీ."

వస్తే నువ్వే రా. రాకపోతే ఊరుకో. నీ పేరు మీద ఇంకెవరినీ పంపకు.

ఇట్లు,
పెళ్లాంగా కాదు, నీ మేనమామ కూతురుగా,
జయశ్రీ