దూది ఎడమ చెవి

నిజామాబాద్,
మంగళవారం.

ధనక్కా,

ఫోన్లో అడిగితే నా బిడ్డ నిఖిత పక్కనే ఉండి వింటుందని ఈ కాగితం రాస్తున్నాను. మేం షిర్డీకి పోతూ బోధన్‌లో మీ ఇంట్లో వదిలిన దాని చించిల్లా, ఆ బొచ్చు ఎలుక దూది గురించే.

నువ్వు తిరిగి అప్పగించిన పంజరం తళతళా మెరుస్తోంది. అంత శుభ్రం నీకు అలవాటు లేదు, ఏమనుకోకు. ఎండుగడ్డి నిండుగానే ఉంది. దూది నీళ్లతో స్నానం చేయదు, సన్నటి పొడిలో పొర్లుతుంది అని చెప్పి ఒక డబ్బా ఇచ్చాను కదా, దాని మూతకు వేసిన టేపు కూడా ఊడలేదు. మరి ఈ పది రోజులూ అది దేంట్లో పొర్లింది? పంజరంలో పరిచిన తువ్వాలు కుంకుడుకాయ వాసన ఎందుకు వస్తోంది?

దీపావళి పొద్దున మీ అత్త ఫోన్లో, "ఇంట్ల అందరికి తలకు పోసిన, గా దూదినొక్కదాన్నే ఎందుకు ఇడిసిపెడుత బిడ్డా" అంటే నవ్వులాటకు అంటోందనుకున్నాను. దాని బొచ్చు తడిస్తే తొందరగా ఆరదని, చలి పట్టి ప్రాణం మీదికి వస్తుందని నీకు రెండుసార్లు చెప్పాను. ఆమెకు చెప్పలేదు. అది నా తప్పే.

దూది ఎడమ చెవికి గాటు ఉండేది. దీనికి రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. హైదరాబాద్ దాకా పోయి తెచ్చావా అక్కా?

నిఖిత పిలిస్తే ఇది తిరిగి చూడటం లేదు. వదిలిపోయినందుకు అలిగిందని చెప్పాను, నమ్మింది. మీ అత్తను ఏమీ అనకు. దూదిని ఎక్కడ పాతిపెట్టారో అదొక్కటి రాయి.

నీ చెల్లె