గోళ్ల రంగు

అయోవా,
అక్టోబరు 9, 1944.

హాస్కెల్ గారికి,

మీ ఉత్తరం చేరి పది రోజులైంది. జవాబు రాయడానికి ధైర్యం చాల్లేదు. సార్జెంటు చెయ్యెత్తి ఆగమంటే అందరూ ఆగారనీ, మీ ఆరిన్ ఒక్కడే నడుచుకుంటూ మందుపాతరల మీదికి వెళ్లాడనీ రాశారు. "నా కొడుకు అంత మాట విననివాడా?" అని అడిగారు.

కాదండీ. వాడికి ఆ చెయ్యి కనపడలేదు.

మా ఊరి బేస్‌బాల్ జట్టులో రెండేళ్లు వాడు బంతి విసిరాడు, నేను ఎదురుగా కూర్చుని దాన్ని పట్టే క్యాచర్‌ని. ఏ బంతి వెయ్యాలో నేను వేళ్లతో సైగ చేస్తే వాడికి ఆనేది కాదు. కళ్లద్దాలు పెడితే జట్టులోంచి తీసేస్తారని భయం. అందుకని నా వేళ్లు వాడికి కనపడేలా మా ఆవిడ గోళ్ల రంగు నేను పూసుకునేవాణ్ని. "ఏమ్మా, పెళ్లెప్పుడు?" అని జట్టంతా ఏడిపించేది.

సైన్యం వైద్య పరీక్షకు ఇద్దరం కలిసే వెళ్లాం. ముందు నన్ను పిలిచి, మోకాలు పనికిరాదని పంపేశారు. బయటికి రాగానే వాడు నా చొక్కా పట్టుకున్నాడు.

"కళ్ల పరీక్షకి గోడమీద పెట్టిన అక్షరాలు చెప్పరా."

"వద్దురా. ఇంటికి పోదాం పద."

"అందరూ యుద్ధానికి పోతుంటే నేనిక్కడ బంతాడుకోనా? చెప్పు!"

చెప్పాను. పై వరస నుంచి అడుగు వరస దాకా రెండుసార్లు వల్లె వేయించాను. లోపల ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడట.

నన్ను ఏమన్నా పడతాను. వాణ్ని మాత్రం అనకండి.

మీవాడి క్యాచర్